పరాయూరి కప్ప

తప్పంత నా ఒక్కని నెత్తిమీదనే పెడ్తె ఎట్ల, భుజంగరావు సార్? కప్పను పట్టుకపోయింది నేనే, కాదంటలేను. "ఒకటేంటి చెన్నయ్యా, పది పట్టుకెళ్ళు, రాత్రుళ్ళు నిద్రపోనివ్వట్లేదు" అన్నది మాత్రం మీరే.

మీరు మంచం మీదనే కూసోండ్రి. దిగకండ్రి, బురద ఇంక మడిమెల దాంక ఉన్నది. ఈ హాలు తోడుడైతె వంటింట్లకు పోత. అబ్బ, మొన్నటి వాన ఏం మట్టి మోసుకొచ్చింది సార్ మీ బడంగ్‌పేటకు. ఇదే మా చేన్ల పడి ఉంటెనా, పత్తి మనిషెత్తు లేచేది.

ఏం జేసినవ్ ఆ కప్పను అని అడుగుతున్నరు గదా, చెప్త. నవ్వొద్దు మరి.

మా ఇబ్రహీంపట్నం దిక్కు ఆరుద్ర కార్తె పోయినా చినుకు లేదు. పెట్టిన పత్తి ఇత్తులు భూమిలనే మాడినయి. మళ్ళ పెట్టిన. అవి సుత పాయె. మా కాశమ్మ, నా పెండ్లాము, "ప్లాట్లేసే వెంచరోడు రోజు వస్తున్నడు, చేను ఇచ్చేద్దాం" అన్నది. నేను మీసం మెలేసిన. "పునర్వసు దాంక ఆగు. అప్పటికి వాన పడకుంటె నేనే సంతకం పెడ్త" అన్న. ఇంట్ల అంటె అయిపోయేది. పదిమంది ముందట అన్న సార్. అదీ నా తెలివి.

ఇగ వాన రావాలంటె కప్ప కావాలె గదా. రోకలి నడుమ కప్పను బట్టల కట్టి, వేపాకు చుట్టి, ఇద్దరు భుజాన మోస్కుంట ఇంటింటికి తిరుగుతరు. ఆడోళ్ళు దానిమీద నీళ్ళు పోస్తరు. అది బెకబెకమంటె మబ్బు వింటదట. తాతల సంది ఊళ్ళె కప్పను పట్టేది మా ఇంటోళ్ళే.

కప్ప ఏది సార్? కుంటలు పూడ్చి ప్లాట్లు చేసిరి. ఉన్న బాయి ఎండి నెర్రెలు బాసె. బోరింగు కాడ, నల్లా గుంతల, ఆఖరికి దవాఖాన ఎనక మోరీల సుత దేవులాడిన. నన్ను చూసి కుక్కలు సిగ్గుపడ్డయి. అప్పుడు యాదికొచ్చినయి, మీ తోట పనికొచ్చిన దినం పైపు కింద ఒర్రిన కప్పలు.

డబ్బాల ఏసుకొని బస్సెక్కిన. "ఏందన్నా అది?" అన్నడు కండక్టరు. "చుట్టం" అన్న. దానికి టికెట్ కొట్టలేదు, అదొక్కటి మంచిదైంది.

ఊరేగించినం. నల్లాల నీళ్ళు లేవు. పక్కింటి బుగ్గమ్మ తాగే నీళ్ళ క్యాను ఎత్తి వంచింది. కప్ప నోరు తెరవలె. మిషన్ల కడిగిన నీళ్ళు దానికి పడలేదేమో.

తెల్లారి టీవీల చూస్తె వాన మీ కాలనీల పడ్డది. మీ కార్లు పడవల లెక్క పోతున్నయి. మా మీదికి మబ్బు వచ్చింది, చూసింది, పోయింది.

బుగ్గమ్మ ఊకుంటదా? "ఓరి చెన్నిగా, ఎవలూరి కప్పకు నీళ్ళు పోస్తె వాన ఆ ఊరికే గదరా పోయేది. అడ్రసు తప్పు పెట్టినవ్" అన్నది. అప్పటి సంది నేను అడ్రసు చెన్నయ్యను.

మా మనుమరాలు యశోద, డిగ్రీ చదువుతది, అదొక్కతే నా దిక్కు మాట్లాడింది. "కప్ప తప్పు గాదు తాతా. ఎండలు ముదిరినకొద్ది గాలి ఎక్కువ నీళ్ళను ఎత్తుకుంటది. నెలంత చల్లేటి వానను ఒక్కతాన, ఒక్క పూటల కుమ్మరిస్తది. మనం ఎండుడు, వాళ్ళు మునుగుడు, రెండూ ఒక్కటే రోగం" అన్నది. ఎవలు తెచ్చిండ్రు బిడ్డా అంటె, మనుషులే, బండ్ల పొగతోని ఫ్యాక్టరీల పొగతోని తెచ్చిండ్రు అన్నది. నాకు మోపెడ్ సుత లేకపాయె, నేనెప్పుడు తెచ్చిన అంటె, నవ్వింది.

కప్పనా? తెచ్చిన సార్. గేటు కాడ ఇడిసిన. మీ హాలు చూసి సంబురంగ దుంకింది.

పునర్వసు అయిపోయింది. రేపు సంతకం. నీళ్ళు లేక చేను అమ్ముకునేటోడు, మీ ఇంట్ల నీళ్ళు తోడేతందుకు కూలికొచ్చిండు. ఇసొంటోన్ని ఎక్కడన్న చూసిండ్రా?

ఏందీ? ఆ వెంచర్ల మీకొక ప్లాటు కావాల్నా? ఈ కొంప అమ్మి అక్కడికే వస్తరా? మంచిదే సార్. రోడ్డుకు దగ్గర. గాలి మస్తు వస్తది.

వాన నీళ్ళా? ఇంట్లకు వస్తయా అనా?

రావు సార్. బతిమాలి పిలిస్తెనే రాలె. గ్యారంటీ నేనిస్త.

జర కాళ్ళు మీదికి పెట్టుకోండ్రి, మంచం కింద తోడాలె.