బొంబాయి సమ్మెకు జొన్నలు మోసిన హనుమవ్వ

ధన్నూర నుంచి, సంతపూర్ నుంచి, కమలనగర్ నుంచి పొద్దున్నే బస్సులు పట్టుకొని బీదర్ దాకా వచ్చిన పెద్దలారా, అక్కలారా, అన్నలారా, నా విద్యార్థులారా, అందరికీ నమస్కారం.

హనుమవ్వ పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. డెబ్బై రెండేళ్ల మనిషి. మూత్రపిండాలు చెడి రెండు నెలలు మంచం మీద ఉంది. ఆమె కూతురు భాగీరథి అక్క ముందు వరుసలో కూర్చుంది. మనవరాలు దీపాలి ఆ తలుపు దగ్గర నిలబడింది. కూర్చోమంటే కూర్చోవడం లేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

సభ మొదలవక ముందు ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "సారూ, నాలుగు మంచి మాటలు జెప్పున్రి, జర కోపం జేయకున్రి" అన్నాడు. ప్రయత్నిస్తాను. మాట మాత్రం ఇవ్వలేను.

నా పేరు వేణుమాధవ్. తెలంగాణ నుంచి ఉద్యోగానికి వచ్చాను. ఇరవై రెండేళ్లుగా ఇక్కడి డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతున్నాను. రెండో సంవత్సరం పిల్లలకు ముంబయి ఆర్థిక చరిత్ర మీద ఒక పాఠం ఉంది. రేవు వచ్చింది, పత్తి వచ్చింది, మిల్లులు వచ్చాయి. 1982లో సమ్మె వచ్చింది. మిల్లులు మూతపడ్డాయి. ఆ తర్వాత నగరం "సేవారంగం వైపు మళ్లింది" అని రాసి ఉంటుంది, ఏదో బస్సు మూల మలుపు తిరిగినట్టు! పద్నాలుగేళ్లు ఆ పాఠాన్ని అవే మాటల్లో చెప్పాను. నోట్సు కూడా మార్చలేదు.

ఎనిమిదేళ్ల కింద ఒక రోజు వెనక బెంచీ నుంచి దీపాలి లేచింది. "సార్, మిల్లులోళ్లకు బువ్వ ఎవలు పెట్టిండ్రో ఈ పాఠంల లేదా?" అని అడిగింది. అది సిలబస్‌లో లేదమ్మా అన్నాను. "మా అవ్వ పెట్టింది సార్" అని కూర్చుంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఆదివారం, హనుమవ్వ బొంబాయి వదిలి వచ్చి ఉంటున్న ధన్నూరకు వెళ్లాను. ఆమె చెప్పింది ఇది.

పెళ్లయిన మరుసటేడు హనుమవ్వ భర్త ఖండప్పతో బొంబాయి బయల్దేరింది. భాల్కి నుంచి సోలాపూర్‌కు బస్సు, అక్కడి నుంచి రైలు. ఖండప్ప మిల్లులో మగ్గాల మీద పని చేసేవాడు. వాళ్లకు చాల్‌లో, అంటే కార్మికులుండే ఇరుకు గదుల వరసలో, ఒక్కటే గది. ఆ గదిలోనే ఆమె ఖానావళి పెట్టింది. పిల్లలకు తెలియకపోవచ్చు. కుటుంబాన్ని ఊళ్లో వదిలి ఒంటరిగా వచ్చిన కార్మికులకు రెండు పూటలా బువ్వ పెట్టే ఇంటిని అక్కడ ఖానావళి అంటారు. నలభై మంది తినేవాళ్లు, ఎక్కువమంది మన ఊళ్లవాళ్లే. ఒకడు పాళీకి, అంటే షిఫ్టుకు, పోతుంటే ఇంకొకడు దిగి వచ్చేవాడు. "మిల్లుకు మూడు పాళీలు సారూ. నాకు ఒక్కటే పాళీ. అది దిగేది లేకుండె" అంది.

ఆ నలభై మంది పేర్లు మిల్లు హాజరు పట్టీలో ఉన్నాయి. వాళ్లను పనికి నిలబెట్టిన మనిషి పేరు ఏ పట్టీలో ఉంది?

1982 జనవరిలో సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. నెలలో తేలిపోతుందని అందరూ అనుకున్నారు. హోలీ వచ్చేసరికి హనుమవ్వ డబ్బాల్లో పిండి అయిపోయింది. తినేవాళ్లు మాత్రం రోజూ మిల్లు గేటు ముందు కూర్చొని వచ్చేవాళ్లు. సిగ్గుతో తలుపు దాకా వచ్చి వెనక్కి పోయేవాళ్లు కొందరు. ఆమె ఏం చేసింది? పొయ్యి ఖండప్పకు అప్పజెప్పి, ఇరవై తొమ్మిదేళ్ల ఆడమనిషి, ఒంటరిగా రైలెక్కింది. మన ఊళ్లకు వచ్చింది. ధన్నూరలో, సంతపూర్‌లో, కమలనగర్‌లో ఇల్లిల్లూ తిరిగింది.

"మీ మొగోళ్లు ఆడ సమ్మెల కూసున్నరు. ఉత్త కడుపుతోని ఎన్ని దినాలు కూసుంటరు? జొన్నలు పెట్టున్రి" అని అడిగింది. మీ ఇళ్ల ముందే అడిగింది. మీ అమ్మలు పెట్టారు. చేటలతో, కుంచాలతో తెచ్చి పోశారు. ఆరు బస్తాలయ్యాయి.

సోలాపూర్ స్టేషన్‌లో ఒక ఉద్యోగి ఆమెను ఆపాడు. ఇంత సరుకు ఎక్కడికి, వ్యాపారమా అన్నాడు. "యాపారం గాదు. సమ్మె నడుపుతున్న" అంది. అతను ఏమనుకున్నాడో గాని, ఒక బస్తా తానే ఎత్తి రైల్లో పెట్టాడట. ఆ ప్రయాణం ఒకసారి కాదు, నాలుగుసార్లు చేసింది. చివరిసారి ఐదేళ్ల భాగీరథి అక్క వెంట ఉంది.

అయ్యా, ఆ సమ్మె మీద ఆ తర్వాత నేను పంతొమ్మిది పుస్తకాలు చదివాను. యజమానులు ఉన్నారు, నాయకులు ఉన్నారు, ప్రభుత్వం ఉంది, పత్తి ధర ఉంది. ధన్నూర జొన్నలు ఒక్క దాంట్లోనూ లేవు! ఒక్క పేజీలోనూ, ఒక్క వాక్యంలోనూ లేవు. ఆ మహానగరాన్ని ఏడాదిన్నర పాటు ఎదిరించి నిలబడ్డ మనుషులు గాలి తిని నిలబడ్డారా?

సమ్మె ఎట్లా ముగిసిందని పుస్తకాలు ఇప్పటికీ వాదించుకుంటాయి. విరమించామని ఎవరూ ప్రకటించలేదు కాబట్టి ఫలానా నెల అని ఒకరు, కాదని ఒకరు. నేను హనుమవ్వను అడిగాను. "సమ్మె ఎవలూ ఆపలే సారూ. ఒక దినం నలభై మందికి రొట్టెలు జేసిన. పదకొండు మంది వచ్చిండ్రు. మిగిలిన రొట్టెలు సూసి సమజైంది, గంతే" అంది.

మిల్లు మళ్లీ తెరవలేదు. ఖండప్ప ఎక్కడ దొరికితే అక్కడ కాపలా పని చేశాడు. ఆమె ఇళ్లల్లో పాచిపని చేసింది. అట్లా ఇరవై ఏళ్లు. తర్వాత ఆ మిల్లు షెడ్లు కూల్చారు. అక్కడ అద్దాల మేడ కడతామన్నారు. కూలీలు కావాలన్నారు. హనుమవ్వ వెళ్లింది. తన భర్త మగ్గం ఉన్న జాగాలోనే రెండేళ్లు ఇసుక మోసింది. మేడ లేచాక అందులో షేర్ల కొనుగోళ్లు, అమ్మకాలు చూసే కంపెనీలు దిగాయి. నేల తుడిచేవాళ్లు కావాలన్నారు. మళ్లీ హనుమవ్వ వెళ్లింది.

అక్కడ ఏం జరిగిందో వినండి. మనుషులను పెట్టే కాంట్రాక్టరు ఆమెకు కొత్త గుర్తింపు కార్డు చేయించలేదు. అంతకుముందు పని మానేసిన అమ్మాయి కార్డు మెడలో వేశాడు. దాని మీద పేరు శాలిని. ఫొటో ఎవరిదో. ఆరేళ్లు, అయ్యా, ఆరేళ్లు! "శాలినీ" అని పిలిస్తే మన హనుమవ్వ తిరిగి చూసింది. ఖండప్ప చనిపోయిన రోజున సెలవు కూడా శాలిని పేరు మీదే అడిగింది. ఎందుకు ఒప్పుకున్నావవ్వా అని నేను గట్టిగానే అడిగాను. "పేరుకు కొట్లాడితే పని పోతుండె. పని ముఖ్యమా, పేరు ముఖ్యమా నువ్వే జెప్పు" అంది.

ఒకే జాగా. మొదట బట్ట నేసే మిల్లు, తర్వాత కూల్చివేత, తర్వాత డబ్బు చేతులు మారే మేడ. మేం క్లాసులో నలభై నిమిషాలు చెప్పే పాఠం అంతా ఆమె ఆ ఒక్క గేటు చుట్టూ మూడుసార్లు మూడు పనులుగా చేసింది. మూడుసార్లూ ఆమె పేరు ఎవరూ రాసుకోలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. చెప్పకపోతే ఈ మైకు ముందు నిలబడే హక్కు నాకు లేదు.

ఆరేళ్ల కింద మా కాలేజీలో ముంబయి ఆర్థిక వ్యవస్థ మీద సదస్సు పెట్టాం. నిర్వాహకుణ్ని నేనే. హనుమవ్వను పిలిచాను. ఎంత గొప్ప పని చేస్తున్నానో అనుకున్నాను. ఆమె ఉతికి మడత పెట్టిన చీర కట్టుకొని పొద్దున తొమ్మిదింటికే వచ్చింది. ఒక్క ముక్క అర్థం కాని ఇంగ్లీషు ప్రసంగాలు నాలుగు గంటలు కదలకుండా విన్నది. అందరూ సమయం మించి మాట్లాడారు. ఆమె చేతికి మైకు వచ్చేసరికి రెండు కావస్తోంది. బయట భోజనాలు వడ్డిస్తున్నారు. ముఖ్య అతిథికి రైలుకు ఆలస్యమవుతోంది. ఆమె ఇంకా సోలాపూర్ స్టేషన్ దగ్గరే ఉంది, కథ బొంబాయి కూడా చేరలేదు. నేను గంట కొట్టాను.

అవును, నేనే కొట్టాను. మూడు నిమిషాలకు.

ఆమె ఆగి నా వైపు చూసింది. "ఆకలైతాందా సారూ? పోరి, తినిరాపోరి. నేను ఈడనే ఉంట" అంది. నలభై మందికి వండిన మనిషి గదా, మా తొందర ఆమెకు ఆకలిగానే కనపడింది. అందరూ తినడానికి పోయారు. తిరిగి వచ్చాక ముగింపు సభ మొదలుపెట్టాం. ఆమె చేతికి మైకు మళ్లీ ఇవ్వలేదు. సదస్సు పుస్తకంలో మాత్రం ఆమె ఫొటో వేశాం. కింద ఏం రాశామో తెలుసా? "సదస్సుకు హాజరైన గ్రామీణ మహిళ." ఆ కార్డు మీద కనీసం ఎవరిదో ఒక పేరుండె. మేం అదీ వెయ్యలేదు.

క్షమించమని అడగడానికి ధన్నూర వెళ్తే రొట్టె, పుండికూర పెట్టింది. తిన్నాక, "మా మిల్లుల భోంగా ఊదేటోడు గూడ మంచోడే సారూ. ఏం జేస్తడు, టైముకు ఊదాలె" అంది. భోంగా అంటే మిల్లు సైరను. ఓదార్చిందో, కొట్టిందో నాకు తెలియలేదు. ఆ తర్వాత ప్రతి నెలా వెళ్లాను. విన్నదంతా రాసుకున్నాను. పాఠం చెప్పేటప్పుడు అదే చదువుతున్నాను. సిలబస్ పూర్తి కాలేదని పై నుంచి రెండుసార్లు నోటీసు వచ్చింది. రానివ్వండి.

ఇక దీపాలి ఎందుకు కూర్చోవడం లేదో చెబుతాను.

హనుమవ్వ మరణాన్ని నమోదు చేయించడానికి నేనూ దీపాలీ ఒక ఆఫీసుకు వెళ్లాం. పేరు వద్దు, ఏ ఆఫీసైనా అంతే చేసేది. ఫారంలో చనిపోయినవారి పని ఏమిటని ఒక గడి ఉంటుంది. మిల్లు కార్మికుల ఖానావళి, భవన నిర్మాణం, ఆఫీసు శుభ్రత అని దీపాలి చెప్పింది. కౌంటర్‌లో ఆయన, "పని జేసినట్టు కాయితం ఉన్నదామ్మా? లేకుంటే ఏం లేదని రాయాలె" అన్నాడు. ఆయన మంచివాడే. కసురుకోలేదు. రాసేశాడు. పని: ఏమీ లేదు.

ఏమీ లేదట!

దీపాలి సంతకం పెట్టలేదు. మూడు రోజులు తిరిగింది, మూడు రోజులూ పెట్టలేదు. మీలో చాలామంది ఆమెను కోప్పడ్డారని విన్నాను. "పోయిన మనిషికి గడీల ఏం రాస్తే ఏంది, కాయితం తెచ్చుకో" అన్నారట. ఆ మాటతో అలిగి, మీ మధ్య కూర్చోనని తలుపు దగ్గర నిలబడింది. నేను మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ అవ్వ బతికినప్పుడు పేరు వదులుకుంది, పని కోసం. ఇప్పుడు ఆ పని కూడా లేదంటే, ఇంకేం మిగిలింది? ఇరవై ఒక్క రోజుల్లో నమోదు చేయించాలి, ఇంకా పది రోజులున్నాయి. రేపు పొద్దున మళ్లీ వెళ్తున్నాం. ఈసారి దీపాలిని తిట్టడానికి కాక, ఆమె వెనక నిలబడడానికి ఎవరైనా వస్తే సంతోషం. రాకపోయినా వెళ్తాం.

మౌనం పాటించే సమయమైంది. కాని అందరూ ఒకేసారి లేవొద్దు. ఆ ఖానావళిలో తిన్నవాళ్లు ముగ్గురు ఈ హాల్లో ఉన్నారని ఇందాకే ఎవరో చెప్పారు. నాకు వాళ్లెవరో తెలియదు. తాతలారా, హనుమవ్వ చేతి రొట్టె తిన్నవాళ్లు ముందు మీరు లేవండి. మోకాళ్ల నొప్పులుంటాయి, సమయం పడుతుంది, పక్కవాళ్ల భుజం పట్టుకొని లేవండి. మేం ఆగుతాం.

దీపాలీ, నువ్వు ముందుకు రామ్మా. వాళ్ల ముఖాలు చూడు.

ఇప్పుడు మిగతావాళ్లం లేద్దాం.