సూర్యుడి మీద బొటనవేలు

కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో ఆ ఇల్లు కొత్తగా కొనుక్కున్న ఆమె, పక్కింటి రిటైర్డ్ డాక్టరుతో ఎండలో, ఫెన్స్ దగ్గర నిలబడి మాట్లాడుతోంది.

“అంకుల్, మా పాప బ్యాక్‌యార్డ్‌లోకి రాగానే ఒక కన్ను మూసుకుని, బొటనవేలితో సూర్యుణ్ణి కప్పి చూస్తుంది. మీరు గానీ నేర్పించారా?”

“నేనెందుకు నేర్పుతానమ్మా? ఇదివరకు మీ ఇంట్లో ఉన్న జర్మన్ ముసలాయన అలా చూసేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ పైలట్. శత్రు విమానాలు సూర్యుడి చాటునుంచి వచ్చేవట. పోయేదాకా ఆ అలవాటు పోలేదు.”

“ఆయన పోయాకే కదా మేం ఇల్లు కొన్నది! పాప ఆయన్ని చూడనే లేదు.”

“పిల్లలు ఏవో ఆటలు ఆడుతుంటారులే.”

“అంత వయసొచ్చాక కూడా ఆయనకి ఎవరు వస్తారని భయం?”

“పారాచూట్‌లో దిగుతున్న ఒక కుర్రాణ్ణి గాల్లోనే కాల్చేశాడట. ‘వాడింకా నేలకి దిగలేదు డాక్టర్’ అనేవాడు.”

“పారాచూట్‌లోనా అంకుల్?”

“ఏంటమ్మా, అలా అయిపోయావు?”

“ఇందాక పాప చెయ్యి దించేసి, పైకి చూస్తూ హాయ్ చెప్పింది అంకుల్.”

“ఎవరికి?”

“పెద్ద గొడుగు పట్టుకుని దిగుతున్న అన్నకట. వచ్చేశాడు, తలుపు తియ్యమంది. తీశాను.”