నాచారం బురుజు ఎగిరిన పొద్దు

నాచారం పాత ఊర్ల గోపయ్య అంటే తెల్వనోళ్లు లేరు. ముప్పై ఏండ్లు కంపెనీల లేత్ మిషన్ నడిపి రిటైరైండు. ఇప్పుడు బురుజు పరిరక్షణ కమిటీకి అధ్యక్షుడు. మనిషి బక్కగ ఉంటడు గని మాట మాత్రం దొడ్డుగ ఉంటది. ఆయన నోరు తెరిచిండంటే సంతోషి హోటల్ల చాయ్ గ్లాసులు చేతులల్లనే సల్లారిపోతయి, తాగెటోళ్లకు యాదికుండదు.

ఆ రోజు మాత్రం ఆయన మాట్లాడింది మాట్లాడాలనిపించి కాదు. మాట్లాడకుంటే లేవాలె. లేస్తే బురుజు కాడికి పోవాలె. పోతే ఎక్కాలె.

సంగతి ఏందంటే, ఊరి నడుమ ఉన్న ఆ పాత రాతి బురుజును బాగు చేయడానికి ఒక ట్రస్టు మూడు కిస్తీలల్ల పైసలు ఇస్తనన్నది. రెండు కిస్తీలు వచ్చినయి, ఖర్చయినయి. గోడల సందులు సున్నంతోని నిండినయి, కదిలిన మెట్లు కుదురుకున్నయి. మూడో కిస్తీ పైభాగానికి వేసే ఆఖరి పూత కోసం. అది పడకుంటే వాన నీళ్లు గోడలకు దిగి, చేసిన పనంత ఉబ్బి ఊడిపోతది. ఆ కిస్తీ రావాలంటే కమిటీ మనిషి ఒకరు బురుజు పైన నిలబడి ఫోటో దిగాలె. గడువు ఈ పొద్దు సాయంత్రం అయిదు గంటలు. ఆ ఫోటో కోసమే ట్రస్టు ఇంజనీరు కల్పన ఉప్పల్ దాకా మెట్రోల వచ్చి, ఆటో ఎక్కి మూడింటికే దిగింది.

కమిటీల తొమ్మిది మంది. పనిదినం కాబట్టి కొలువులున్నోళ్లందరు డ్యూటీల మీదున్నరు. కార్యదర్శి హరీష్ ఆటో కిరాయి మీద దూరం పోయిండు. కోశాధికారి గిరిప్రసాద్ మాస్టారుకు మోకాళ్ల ఆపరేషన్ అయింది. "ఫికర్ ఎందుకు, నేనున్న గద" అని నెల రోజుల నుంచి ఛాతీ చరుచుకున్నది గోపయ్యనే.

"ముందు చాయ్ తాగు బిడ్డా. జర చినుకు ఆగనీ" అని కల్పనను హోటల్ల కూసోబెట్టిండు.

రేకుల మీద తొలకరి చినుకులు సన్నగ పడుతున్నయి. లోపల అల్లం వాసన. పొయ్యి కాడ సంతోషి, బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకొని గిరిప్రసాద్, మూలకు స్టూలు మీద పాల ప్యాకెట్ పట్టుకొని వెంకటనర్సమ్మ. ఆమె ఇంటి వెనక గోడే బురుజు.

"అసలు గీ బురుజు మీద రావి మొలకలు మొలిస్తె ఎవ్వడు పట్టించుకోలే" అని గోపయ్య షురూ చేసిండు. "నేనొక్కన్నే కొడవలి వట్టుకొని పోయిన. ఒక్క పొద్దుట్ల మొత్తం సాఫ్ జేసిన."

"ఆ రోజు ఆరుగురం ఉన్నామండీ గోపయ్యగారూ. రెండు ఆదివారాలు పట్టింది" అన్నాడు గిరిప్రసాద్. ఆయనది కాకినాడ దిక్కు. ఇక్కడికి వచ్చి ఇరవై ఏండ్లయినా మాట మాత్రం మారలే.

"మీరు మొలకలు పీకిన్రు సారూ, నేను వేరు పీకిన. ఒక వేరైతే రానే రాదు. గుంజిన, జరంత వచ్చింది. ఇంకా గుంజిన, ఇంకా వచ్చింది. నేను గుంజుకుంట పోతనే ఉన్న, అది వస్తనే ఉన్నది, చుట్టలు చుట్టి పక్కకు పెడుతున్న, చుట్ట నా నడుం దాటింది, నా తల దాటింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఉప్పల్ కాడ మెట్రో పిల్లర్ ఊగింది! ఆ వేరు కొస ఆడున్నది మరి. రైల్ల కూసున్నోళ్లు అందరు ఉయ్యాల ఊగినట్టు ఊగిన్రు. తెల్లారినకాడికెళ్ళి ఏడుస్తున్న ఒక చంటిపోరడు తల్లి భుజం మీద గప్పుడే నిద్రవోయిండు."

కల్పన నవ్వింది. "నేను రోజు ఆ రైల్లనే తిరుగుత సార్."

"మరి నీకు నిద్ర రాలేదా బిడ్డా, ఆ రోజు?"

ఆమె జర ఆలోచించి, "వచ్చింది" అన్నది.

గోపయ్యకు బలం వచ్చింది. గోడ గడియారం మూడు నలభై చూపిస్తుంటే దానికి వీపు తిప్పి కూసున్నడు.

"ఆ వేరు చుట్ట చూసే ట్రస్టోళ్లు మన గల్లీకి వచ్చిన్రు. పైసలన్ని ఒక్కసారే తీసుకో గోపయ్యా అన్నరు. నేను వద్దన్న. మూడు కిస్తీలల్ల ఇయ్యుండ్రి, చెక్కు మీద మూడు సంతకాలుండాలె, ప్రతి బిల్లు ఆదివారం పొద్దుగాల బురుజు కింద నిలవడి గట్టిగ సదవాలె, గోడకు గూడ ఇనవడాలె అన్న."

"అవి ట్రస్టువాళ్లు పెట్టిన షరతులే కదండీ. అచ్చు కాగితం నా సంచిలోనే ఉంది."

"నేను జెప్పినంకనే అచ్చేసుకున్నరు సారూ. ఒకసారి ఇసుక బిల్లు తప్పు సదివినం, యాదికున్నదా? బురుజు దగ్గింది. రాళ్ల సందులకెళ్ళి ఖళ్ళుమని దగ్గింది. మల్ల సదివితే రెండు బస్తాలు ఎక్కువ రాసున్నయి."

గిరిప్రసాద్ ఈసారి కాదనలే. ఆ తప్పు పట్టింది తనే. కానీ బురుజు దగ్గడం కూడ ఏమంత చెడుగ అనిపించలే.

"సున్నం సంగతి జెప్పు మామా" అన్నది సంతోషి, పాలు పొంగకుండ గరిటె తిప్పుకుంట.

"సున్నం నానవెట్టినం. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసినం. గానుగ తిప్పడానికి ఎద్దులేవి? నేనే కాడి భుజానికేసుకొని తిరిగిన. తిరుగుతుంటే బెల్లం వాసన లేసింది. లాలాపేట దాటింది, మౌలాలి గుట్ట ఎక్కింది. గుట్ట మీది చీమలకు తెలిసింది. ఇగ సూడు! రైలు పట్టాల ఎంబడి చీమలు బారు కట్టి దిగినయి. ఒక్కొక్క చీమ ఒక్కొక్క ఇసుక రవ్వ ఎత్తుకొచ్చి గానుగల ఏసింది. కూలి ఒక్కో చీమకు ఒక్కో బెల్లం రవ్వ. ఒక్కటి గూడ ఎక్కువ అడగలే."

"చీమల కూలి ఏ పద్దుల రాసిన్రు సార్?" అని కల్పన మొహం గంభీరంగ పెట్టి అడిగింది. "వోచర్ మీద సంతకం ఉండాలె గద."

"అదే మా మాస్టరు సాబ్ గూడ అడిగిండు. ఆరు కాళ్లుంటె ఏ కాలు ముద్ర తీసుకోవాలె అని మూడు రోజులు మీటింగు నడిచింది."

అందరు నవ్విన్రు, వెంకటనర్సమ్మ తప్ప. ఆమె పాల ప్యాకెట్ ఒక చేతికెళ్ళి ఇంకో చేతికి మార్చుకున్నది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అన్ని తిప్పులు తిప్పినంక సున్నం నురుగు లెక్కయింది. ఆ నురుగు గోడలకు వోయింది. ఇరవై ఒక్క రోజులు తడిపినంక బురుజు దూది లెక్క తేలికయింది. ఒక పొద్దు నేను పైన కూసున్న. మంచు వట్టింది, ఊరంత తెల్లగ. కింద ఏదో జారినట్టయింది. సూస్త గద, బురుజు లేసింది!"

పొయ్యి మీద చాయ్ మరుగుడు ఒక్కటే వినవడుతున్నది.

"సప్పుడు లేదు. ఆకు లేసినట్టు లేసింది. కింద రైలు పట్టాలు ఎండి దారాల లెక్క మెరుస్తున్నయి. మౌలాలి మీదికెళ్ళి పోతుంటే దర్గాల ఊదు పొగ నా అరికాళ్లకు తగిలింది, వెచ్చగ. కాప్రా చెరువు మీదికి రాంగనే కొంగలు లేసినయి. ఇది గూడ తమ తీరు పెద్ద కొంగనే అనుకున్నయి పాపం, ఎంబడి వచ్చినయి. రెక్కల గాలి నా చెంపలకు తాకుతున్నది. కీసర గుట్ట మంచుల మునిగి కొస ఒక్కటే కనవడ్డది, లంగరేసిన పడవ లెక్క. ఇగ మల్లుతుంటే కిందికి సూసిన. నాచారం లేదు. ఇండ్లు లేవు, కంపెనీలు లేవు. జొన్న చేన్లే. మా నాయన మంచె మీద నిలవడి వడిసెల తిప్పుతున్నడు. నన్ను గూడ పిట్ట అనుకున్నడో ఏందో. కాని రాయి ఇసరలే. చెయ్యి అడ్డం వెట్టుకొని సూసిండు, నేను కనవడకుండ పోయేదాకా సూసిండు."

ఆ మాట ఎట్ల వచ్చిందో గోపయ్యకే తెల్వదు. చీమల దాకా కావాలనే చెప్పిండు. ఇది మాత్రం తనంతట తనే వచ్చింది. చాయ్ గ్లాసు ఎత్తిండు. అది ఎప్పుడో ఖాళీ అయింది.

"మరి కిందికెట్ల దిగినవ్ మామా?" సంతోషి మెల్లగ అడిగింది.

"దిగుడేముంది! తువ్వాల ఇప్పి మెట్రో పిల్లర్‌కు ఏసి..."

"గోపయ్యా" అన్నది వెంకటనర్సమ్మ. "పైన పిట్టగోడకు తుపాకులు పెట్టే తూట్లు ఎన్నున్నయిరా?"

"ఏందక్కా?"

"అంత సేపు ఆడ కూసున్నవు గద. తూట్లు ఎన్ని?"

గోపయ్య కండ్లు ఒకసారి పైకి పోయినయి, రేకుల దిక్కు. "పన్నెండు" అన్నడు. ఎవ్వరు ఏమనకపోతే, "పన్నెండు ఆ దిక్కు, పన్నెండు ఈ దిక్కు" అని కలిపిండు.

కల్పన ఫోన్ల నక్షా తెరిచింది. చూసి మళ్ల మూసింది.

"ఏడు" అన్నది వెంకటనర్సమ్మ. "నలభై ఏండ్ల సంది ఎండకాలం ఆడ మిరపకాయలు ఆరవోస్తున్న, నాకు తెల్వదా? నువ్వు ఎనిమిదేండ్ల పోరనివి ఉన్నప్పుడు మూడో మెట్టు మీద బిగుసుకపోయినవు. మీ నాయనే వచ్చి ఎత్తుకొని దించిండు. ఆనాటి సంది నాలుగో మెట్టు తొక్కినవా?"

గోపయ్య చెవులు మండినయి. బురుజుకు పట్టుకోను కడ్డీలుండవు. గోడకెళ్ళి బయటికి పొడుచుకొచ్చిన రాళ్లే మెట్లు, ఒక పక్క గోడ, ఇంకో పక్క గాలి. నెల రోజుల నుంచి పండుకున్నా లేచినా ఆ రాళ్లే కండ్ల ముందు. ఎవరికి చెప్తడు? ఊరంత నవ్వుతదనుకున్నడు. ఇప్పుడు చూస్తే ఎవ్వరు నవ్వుతలేరు.

"తొక్కలే అక్కా" అన్నడు. "నాతోని కాదు. పొద్దుగాల గూడ పోయి సూసిన. మూడో మెట్టు దాకా పోయి దిగొచ్చిన."

"ఈ మాట ముందే చెప్పాల్సిందండీ" అన్నాడు గిరిప్రసాద్, కోపంగ కాదు. గడియారం నాలుగుం పావు. "ఇప్పుడు ఎవరిని పిలుస్తాం? డ్యూటీ నుంచి వచ్చేసరికే ఆరవుతుంది. పూత పడకపోతే ఈ వానలకే గోడ పోతుంది."

"నేను పైకెక్కి ఫోటో తీస్త సార్. కాని పక్కన మీ కమిటీ మనిషి ఉండాలె. అంతకన్న నేనేం చేయలేను" అన్నది కల్పన.

గోపయ్య వెంకటనర్సమ్మ దిక్కు చూసిండు. చినుకు పలచవడ్డది. ఆయన లేచి గిరిప్రసాద్ ముందుకు వచ్చి నిలవడ్డడు.

"సారూ, తీర్మానాల పుస్తకం తెచ్చిన్రా?"

"ఎప్పుడూ ఉంటుంది."

"కొత్త సభ్యులను చేర్చుకోవాలంటే ఎందరి ఒప్పుదల కావాలె?"

"అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి. ముగ్గురు చాలు." చెప్తూనే ఆయనకు అర్థమైంది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"రాయుండ్రి. బురుజుకు అందరికన్న దగ్గరున్న మనిషిని ఇన్ని దినాలు కమిటీల ఏసుకోలే. తప్పు మాదే. వెంకటనర్సమ్మను ఈ పొద్దు సంది సభ్యురాలిగ తీసుకుంటున్నం."

హరీష్‌కు ఫోన్ కొట్టిన్రు. హారన్ల నడుమకెళ్ళి, "నర్సమ్మ పెద్దమ్మనా? మస్తు! రాయుండ్రి మామా, వచ్చి సంతకం జేస్త" అన్నడు. కల్పన ఫోన్ చెవి కాడ పెట్టుకొని ఆఫీసుతోని మాట్లాడి, తీర్మానం పేజీని ఫోటో పంపి, సరే అన్నట్టు తలూపింది.

"నన్నడిగిన్రా?" అన్నది వెంకటనర్సమ్మ.

అందరు ఆగిన్రు.

"ఎండకాలం మిరపకాయలు ఆరవోసుకోనిస్తమని గూడ రాయుండ్రి. బాగైనంక తాళం ఏస్తే నేనేడికి పోవాలె?"

కల్పన ఆలోచించింది. "పూత పూర్తిగ ఆరినంక, చాప మీద అయితే తప్పేం లేదు."

అది గూడ రాసినంకనే వెంకటనర్సమ్మ పాల ప్యాకెట్ సంతోషి చేతికిచ్చి, పెద్ద పెద్ద అక్షరాలతోని సంతకం చేసింది.

బురుజు తడిసి నల్లగ ఉన్నది. రాళ్ల నడుమ కొత్త సున్నం గీతలు తెల్లగ. వెంకటనర్సమ్మ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు దోపుకొని, గోడకు ఒక అరచెయ్యి ఆనిచ్చి ఎక్కింది. ఆమె అడుగుల్ల అడుగేసుకుంట కల్పన. గోపయ్య కింద నిలవడి మొదటి రాయి మీద చెయ్యి వేసి, వాళ్లు పైకి చేరేదాకా తియ్యలే.

నాలుగు యాభైకి కల్పన పైనుంచి వంగి, "పోయింది సార్! ఫోటో ట్రస్టుకు పోయింది!" అని అరిచింది. గిరిప్రసాద్ చేతికర్ర గాలిలో ఊపిండు.

వెంకటనర్సమ్మ మాత్రం దిగలే. పిట్టగోడ మీద చేతులు పెట్టి అట్లనే నిలవడ్డది.

"అక్కా!" గోపయ్య కిందికెళ్ళి పిలిచిండు. అడుగుదామా వద్దా అని ఆగి, అడిగిండు. "ఏం కనవడ్తున్నది?"

"ఏముంటయిరా! నీళ్ల ట్యాంకులు. తీగల మీద మరిచిపోయిన బట్టలు."

"ఇంకా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "వాన నీళ్లు జరన్ని మడుగు కట్టినయి. మొగులు దాంట్ల వడ్డది."

"ఎంత మడుగు?"

"రెండు జానలు."

రెండు జానలు. గోపయ్య దానికి ఒక్క జాన కూడ కలపలే. కండ్లు మూసుకొని, ఆ రెండు జానల మొగులును అట్లనే చూసిండు.

"మేస్త్రీ వేలు ఒకటి సున్నంల అచ్చు వడ్డదిరా" అన్నది ఆమె, వంగి తడుముతున్నట్టుంది, గొంతు దగ్గరికి వచ్చింది. "బొటనవేలు. గీతలు గూడ కనవడ్తున్నయి."

మెడ పైకెత్తుకొని నిలవడ్డ గోపయ్య మొహం మీద సన్నగ తుంపర పడుతున్నది. తుడుచుకోవాలని ఆయనకు తోచలే.

"చెప్పక్కా" అన్నడు. "ఇంకా చెప్పు."