బ్రిజ్జి ఎక్కని బండి

హౌరా, 1986. పట్టపగలు. బ్రిజ్జి ఎక్కే దారిలో పక్కకి ఆగిన పాత అంబాసిడర్ టాక్సీ. బానెట్ కింద వెంకటేశు. ముందు సీట్లో అతని మామ గురువులు. వెనక సీట్లో గురువులు కూతురు అప్పమ్మ.

"ఇంకెంతసేపు అల్లుడూ అందులో తల పెట్టుకుంటావు? నడిసెల్లినా ఈపాటికి బ్రిజ్జి అవతల బడాబజార్లో టీ తాగుదుం."

"ఉండు మావా. బండి ఆగిపోనేదు. లాగట్నేదు, అంతే."

"లాగకపోతే అది బండేటి? కుర్సీ. నాలుగు చక్రాల కుర్సీ."

"పొద్దున్న లిలువా నుంచి టికియాపారా మీ ఇంటికి గాలిలాగొచ్చింది."

"ఇందాక రిక్షావోడు నిన్ను దాటెల్లిపోయాడు. ఎనక్కి తిరిగి నవ్వాడు కూడా. సూసావేటి?"

"సూసాను."

"జన్మంతా చెత్త లారీ తోలాను. నా లారీని ఏ రిక్షావోడూ దాటనేదు. అలాటి కార్పొరేషన్ నౌకరీ నీకోసం ముందే ఒగ్గేసాను. అల్లుడని ఖాకీ చొక్కా తొడిగి పంపిస్తే, నువ్వేటి సేసావు? చొక్కా మా ఇంట్లో పారేసి ఈ డొక్కు కొన్నావు."

"నీ నౌకరీ అంటే నాకు లారీ ఇవ్వనేదు మావా. చీపురిచ్చారు."

"చీపురైనా ఊడుస్తాది. ఇదేటి సేస్తాది? పందెం గుర్తుందా?"

"ఉంది."

"సెప్పు మరి. మరిసిపోయానంటావు రేపు."

"బండి బ్రిజ్జి దాటితే అప్పమ్మ నా ఎంట అవతల ఖిదిర్‌పూర్లో నాను తీసుకున్న కొత్త గదికి వొచ్చేస్తాది."

"దాటకపోతే?"

"బండి అమ్మేస్తాను. మళ్లీ నీ చీపురు పట్టుకుంటాను."

"అప్పమ్మో?"

"అప్పుడు నీకాడే ఉంచుకో. ఓడిపోయినోడికి పెళ్లామేటి?"

"నన్నెవులూ అడగనేదు."

"నువ్వూరుకో అప్పమ్మా."

"నువ్వూరుకోయే. మొగోళ్లు మాటాడుతుంటే! అల్లుడూ, క్లచ్చి అయిపోయింది. నాను సెప్తున్నాను."

"క్లచ్చి జారితే ఇంజిను అరిసి గీపెడతాది, బండి కదలదు. ఇక్కడ ఇంజినే అరవట్నేదు. ఎంత నొక్కినా గొంతు లెగట్నేదు."

"అయితే పెట్రోలు అందట్నేదు. కిరసనాయిలు కలిపింది పోయించుంటావు, నీ బుద్ధికి."

"కార్బొరేటరు సూసాను. నిండుగా ఉంది. ప్లగ్గులు తీసి తుడిసి పెట్టాను. గాలి ఫిల్టరు విప్పేసినా ఇదే వరస."

"మరి నీకేటి వొచ్చు? ఆ మూల మిస్త్రీ దాదా ఉన్నాడు, ఎల్లి కాళ్లు పట్టుకో."

"పొగ సూడండి."

"నీకేటి తెలుసే? పప్పు మాడినప్పుడు సూసుకో పొగ."

"పెట్రోలుందన్నారు, నిప్పుందన్నారు, గాలుందన్నారు. లోపలికెల్లింది బయటికి రావాల కదా అయ్యా."

"ఓలమ్మ! ఇంజినీరమ్మ గారు!"

"ఉండు మావా... అది సూడనేదు. సైలెన్సరు సూడనేదు."

"ఆడదాని మాట ఇని సైలెన్సరు సూస్తాడట! నీ బతుకు తెల్లారింది."

"ఫిల్టరు బిగించేసాను. బానెట్ మూసేస్తున్నాను. మావా, నువ్వు స్టీరింగు కాడ కూకుని రేసు నొక్కు. నాను ఎనక్కెల్లి సెయ్యి పెట్టి సూస్తాను."

"నీ బండికి నాను డ్రైవరునా? సచ్చినా కూకోను. పైగా అక్కడ నువ్వేటి మాయ సేస్తావో! నానూ వొస్తాను ఎనక్కి."

"అయితే అప్పమ్మా, నువ్వు ముందుకొచ్చి కూకో. కుడికాల్తో నొక్కు. ఇంకేటీ ముట్టుకోకు."

"ముట్టుకోను."

"కుడికాలంటే ఏదో తెలుసా?"

"తెలుసు."

"దానికి తెలుస్తాదిలే. నా రక్తం కదా. నీకు తెలుసో నేదో అనే నా అనుమానం."

"నొక్కు అప్పమ్మా! ఇంకా... మావా, సెయ్యి పెట్టు ఇక్కడ. ఊపిరే నేదు! పొగ సెయ్యిని తోసెయ్యాల ఇప్పటికి."

"లోపలేదో ఉంది. డిక్కీలో కమ్మీ ఇలా తే. అమ్మో! కాల్తుంది, కాల్తుంది!"

"తప్పుకో మావా. వొస్తుంది... గుడ్డ! పెద్ద గుడ్డ!"

"ఇను, ఇను! ఇంజిను గొంతు లెగిసింది."

"ఇప్పుడు బ్రిజ్జి కాదు, కొండెక్కుతాది! పందెం నాదే."

"ఆగరా. ఆ గుడ్డ ఇలా తిప్పు."

"ఖాకీ."

"ఖాకీయే."

"సిగ్గు నేదు మావా నీకు? పందెం ఓడిపోతానని దొంగలాగ కుక్కావేటి?"

"నా ఖాకీలు చిరిగి ఎప్పుడో పీలికలైపోయాయి. ఇది కొత్త గుడ్డ. నువ్వు పారేసిన చొక్కా సెయ్యి ఇది!"

"చొక్కా మీ ఇంట్లో ఉంది కదా? అయితే నువ్వే!"

"నాను సేస్తే మొహం మీద సేస్తాను. నువ్వే కుక్కుకున్నావు. పెళ్లాన్ని తీసుకెల్లడం నీకే ఇష్టం నేదు. ఒగ్గించుకోడానికి సాకు కావాల. నీకాడే ఉంచుకో అన్నది ఎవడు?"

"నాకు సాకా! సొంత బండిని సంపుకుంటానా?"

"కొట్టుకోకండి. నాను కుక్కాను."

"ఏటీ?"

"గుమ్మంలో మీరిద్దరూ టీ తాగుతూ నా మీద పందెం కట్టుకుంటున్నప్పుడు. డిక్కీలో కమ్మీతోనే లోపలికి తోసాను."

"పిచ్చిదానా! రావడం ఇష్టం నేకపోతే నోటితో సెప్పాల్సింది."

"సెప్పబోతే ఊరుకోమన్నారు."

"సర్లే, దిగు. ఇంటికెల్లాక సెప్తాను నీ సంగతి. గేరు మీద నుంచి సెయ్యి తియ్యి... అప్పమ్మా! అది గేరు!"

"గేరని తెలుసు. చెత్త గుట్టల కాడ అయ్యకి కూడు మోసుకెల్లినప్పుడల్లా లారీ తోలించీవోడు."

"ఏటి మావా ఇది? నిజమేనేటి?"

"చిన్నప్పుడు... సరదా పడితే నేర్పాను. ఒలే, దిగే! తలుపు తియ్యి!"

"తలుపు రాదు మావా, లోపల లాకు ఏసేసింది!"

"మీరిద్దరూ ఒక్కసారే దిగాల. గుడ్డ అందుకే."

"అప్పమ్మా! బండి నా బతుకే!"

"ఒలే, ఎక్కడికే ఎల్తావు? పందెం ఏటయిపోతాది?"

"బండి బ్రిజ్జి దాటాలనే కదయ్యా పందెం? దాటతాది. మీరు అందులో ఉండాలని ఎవులూ అననేదు."