స్విచ్ వేసి అందరూ బయటకు పోవాలె

హైటెక్ సిటీలోని ఒక పెద్ద ఆసుపత్రి, యూరాలజీ వార్డు. మంచం మీద పుప్పాలగూడ సాయిలు, పక్కన కుర్చీలో ఆయన భార్య భాగ్యమ్మ.

“నేను ఈ రోబో ఆపరేషన్ జేపించుకోనంటే జేపించుకోను. డాక్టర్‌ను పిలువు, భాగ్యా.”

“వస్తడు గని, గిన్ని కొబ్బరినీళ్లు తాగు.”

“ఆపరేషన్ ముంగట ఏం తాగద్దన్నరు గదనే!”

“తాగితే ఏంగాదు. తాగు.”

“అవ్, ఆపరేషనే లేనప్పుడు తాగుడుకేంది, ఇయ్యి. రోబో అంటే ఏమనుకున్న నేను? బట్టల మిషన్ లెక్క, లోపల ఏసి, స్విచ్ నొక్కి, అందరు బయటకు పోతరనుకున్న.”

“నిన్ను బట్టల మిషన్ల ఏస్తరా?”

“నవ్వకు! పక్క మంచమాయన చెప్పిండు. డాక్టర్ గదే రూంల కూసుంటడంట. మూలకు టీవీ వెట్టుకొని చూస్తడంట. నా ఒళ్లంత పది రెట్లు పెద్దగ జేసి!”

“పది రెట్లా?”

“పది రెట్లు!”

“పోనీ తియ్యి. గంత గొప్పగ ఎన్నడన్న కనవడ్డవా?”

“ఓసి నీ... నేను గింత పరేషాన్ల ఉంటే నీకు పరాచకాలా? నర్సులుంటరంట. మన మనుమరాలు యశస్విని ఈడు పోరిలు! బోరింగు కాడ గూడ లుంగీ కట్టుకొని తానం జేసినోన్ని నేను. ఇజ్జత్ ఏంగావాలె?”

“మరి గా లోపలి గడ్డతోని రాత్రంత లేస్తనే ఉంటివి. ఒంటికి పోదామంటే రాదు, ఒచ్చిందంటే ఆగదు.”

“లేస్త. సచ్చేదాంక లేస్త. నీకేం నష్టం? లెవ్వు, బట్టలియ్యి, ఇంటికి పోదాం.”

“మంచం దిగకు! దిగకయ్యా, నీకు దండం వెడత!”

“ఏందే, దిగితే కాళ్లిరుగుతయా?”

“అగో, పార్థసారథి సారు వచ్చిండు. డాక్టర్‌కే చెప్పుకో.”

“నమస్తే సారూ.”

“నమస్కారమండీ సాయిలు గారూ. ఎలా ఉంది?”

“ఎట్లుంటది సారూ, గుండె దడదడ కొట్టుకుంటుంది. ఒక్కటడుగుత. మీరు గదే రూంల ఉంటరా?”

“ఉంటామండీ. రోబో తనంతట తాను ఏమీ చేయదు. దాని చేతుల్ని కదిపేది నేనే.”

“నర్సులు?”

“వాళ్లూ ఉంటారు.”

“చూసినవా భాగ్యా! మరి గా టీవీల, పది రెట్లు...”

“అది పొట్ట లోపలికి పంపే కెమెరా అండీ. లోపలిదే కనపడుతుంది. పైనంతా గుడ్డలు కప్పేస్తాం.”

“లోపలిదా? లోపలిది మంచిగ చూసుకోండ్రి, లోపల నాకేం సిగ్గు! హమ్మయ్య. మరి మూత్రం పైపు? గది గూడ రోబోనే వెడతదా?”

“అదీ... అంటే...”

“చెప్పుండ్రి సారూ.”

“అది నర్సే పెడతారండీ.”

“అయిపాయె! రద్దు జెయ్యుండ్రి. ఇగ నా మాట మారదు. భాగ్యా, నువ్వన్న చెప్పవేందే!”

“ఎన్నిసార్లు చెప్పిన్నో సారూ, తలకెక్కుతలేదు. ఇగ మీరే చెప్పుండ్రి.”

“ఏం చెప్తరు? రద్దంటే రద్దే!”

“అలాగే చేద్దామండీ, కాకపోతే తీసిన గడ్డని మళ్లీ లోపల పెట్టాల్సొస్తుంది. మీకింకా మత్తు దిగలేదు గానీ, ఆపరేషన్ పొద్దున్నే అయిపోయింది.”