కోటగోడ దూకిన సిపాయి

రాయపూర్ రైల్వే క్వార్టర్స్ మెట్ల మీద కూర్చుని, తనూ ఫణిశ్రీ రాణులుగా ఐదేళ్లనుంచి వంతులేసుకుని రాస్తున్న రాజ్యం కథ నోటుబుక్కు తెరిచింది మాలతి.

"ఈ కుర్ర సిపాయి ఎవడే? కోటగోడ దూకుతూ కూడా మీసం దువ్వుతున్నాడు!"

"బాగున్నాడు కదా!" మురిసిపోయింది ఫణిశ్రీ.

"రాత నీది కాదు."

"మన క్లాసు నీలిమ రాసింది. బస్, అంతే, ఒక్క పేజీయే కదే."

"మనిద్దరి రాజ్యంలోకి దాన్నెందుకు రానిచ్చావు?"

"అది భలే నవ్విస్తాదే. సరే, నచ్చకపోతే కొట్టీ."

"రాసింది కొట్టకూడదని ఒట్టేసుకున్నాం. ఇప్పుడు నా వంతు, పెన్నిలా తే."

కడుపుమంటంతా కలంలోకి దించి రాసింది మాలతి: ‘నలభై ఏళ్లు గడిచాయి. సిపాయికి మోకాళ్ల నొప్పులు.’

"అయ్యో! మనమూ ముసలి రాణులమైపోయాం కదే!"

మాలతి నోటుబుక్కు మూసేసింది.

"అవనీ. ఇద్దరమే అవుదాం."