తలుపు పక్కన ఈసీజీ యంత్రం

అధ్యక్షులు, ఆసుపత్రి డైరెక్టర్ డాక్టర్ ఒలాసాబల్ గారికి, కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డ నర్సులకు, కేకు మీద చూపు పెట్టి నా ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తున్న పెద్దలకు నమస్కారం. మన సాంతా ఎల్విరా ఊరి పత్రికలో ముప్పై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను, పొగడడం అలవాటు లేదు. హెడ్ నర్సు నిదియా ఎచెవెర్రి గారు ఇవాళ రిటైరై, రేపటి నుంచి ఇంట్లోనే ఉంటారు. ఆవిడ భర్తకు నా సానుభూతి. (నవ్వులు)

మన ఊళ్లో ఆదివారం మధ్యాహ్నం ప్రతి పెరట్లోనూ నిప్పుల మీద మాంసం కాలుతుంది కాబట్టి, సాయంత్రం ఎవరికి గుండెనొప్పి వచ్చినా నేరం మాంసానిదే. రోగీ అదే అనేవాడు, భార్యా అదే అనేది, ఎమర్జెన్సీ వాళ్లూ అదే అని అరుగుదలకు బోల్దో ఆకు కషాయం ఇచ్చి కూర్చోబెట్టేవాళ్లు. ఈసీజీ యంత్రం మాత్రం మేడ మీద తాళం వేసిన గదిలో క్షేమంగా ఉండేది. కిందుంటే పాడవుతుందని డైరెక్టర్ గారి భయం. యంత్రాల ఆరోగ్యం విషయంలో ఈ ఆసుపత్రికి ఏనాడూ మచ్చ లేదు. (నవ్వులు)

పదకొండేళ్ల కిందట, మన ఆసుపత్రిలో గుండెపోటుకు తక్షణ వైద్యం అందుతోందని మొదటి పేజీలో రాశాను. డైరెక్టర్ గారు చెప్పారు, నేను రాసుకున్నాను. మర్నాడు నిదియా గారు ఆ పత్రిక చంకలో పెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు.

"గడియారం చూడ్డం వచ్చా నీకు?"

వచ్చన్నాను.

"అయితే ఆదివారం మా వరండాలో కూర్చో. నోరు మూసుకుని చూడు."

నాలుగు ఆదివారాలు మాతే టీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఛాతీ నొప్పితో పదిహేడు మంది వచ్చారు. తలుపు దాటిన దగ్గర్నుంచి ఒంటికి ఈసీజీ తీగలు తగిలేదాకా సగటున యాభై రెండు నిమిషాలు. అది పదహారు మంది సగటు. పదిహేడోవాడు మా ప్రెస్సులో పనిచేసే హెబెర్. సాసేజీలు ఎక్కువయ్యాయన్నాడు. పెట్టేవాళ్లుంటే నువ్వెప్పుడు ఆగావని నేను నవ్వాను. అతని చేతిలో ఇరవై మూడో టోకెన్ ఉంది. ఇరవై రెండు పిలిచారు. అతని తల నా భుజం మీద వాలితే నిద్రపోయాడనుకున్నాను. నా నోటుపుస్తకంలో అతని పేరుకు ఎదురుగా నిమిషాల గడి ఇప్పటికీ ఖాళీయే.

మర్నాడు పొద్దున్నే నిదియా గారు ఆ తాళం పగలగొట్టి, యంత్రాన్ని మెట్ల మీంచి దింపించి, తలుపు పక్కన వాచ్‌మన్ వాల్దెమార్ బల్లకు ఆనించి పెట్టారు. మాంసం ఎక్కువైందని ఎవరన్నా ముందు ఇక్కడ పడుకోబెట్టు, టోకెన్ తర్వాత అని అతనికి చెప్పారు. డైరెక్టర్ గారు మెమో ఇచ్చారు. ఆవిడ దాన్ని మడిచి, ఊగుతున్న యంత్రం బల్ల కాలికింద పెట్టారు. (నవ్వులు) పోయిన ఏడాది సగటు ఏడు నిమిషాలు. అలా బతికి బయటపడ్డవాళ్లలో ఒకరు డైరెక్టర్ గారి బావమరిది. మూడో వరుసలో కూర్చుని, ఆయనా కేకు వైపే చూస్తున్నారు.

గత వారం నోటీసు బోర్డు మీద ఒక కాగితం చూశాను. ఒకటో తారీఖు నుంచి యంత్రం మళ్లీ మేడెక్కుతుందట. ఖాళీ అయిన చోట నిదియా గారి పేరుతో ఫలకం పెడతారట. సంతోషమేనా అని ఆవిడనే అడిగాను.

"నా పేరుకి ఈసీజీ తీయడం వచ్చా?" అన్నారు.

కాబట్టి డాక్టర్ గారూ, ఇంతమంది ముందు అడుగుతున్నాను. యంత్రం కిందే ఉంటుందా, మేడెక్కుతుందా? గడియారం నా చేతిలోనే ఉంది.

(చాలాసేపటికి డైరెక్టర్: "కిందే ఉంటుందిలేవయ్యా. ఫలకం గోడకి కొట్టుకుందాం.")

జవాబుకు నలభై ఒక్క సెకన్లు. మీరు చెప్పారు, నేను రాసుకున్నాను. ఈసారి మాత్రం ఒకటో తారీఖున వచ్చి, తలుపు పక్కన కళ్లారా చూశాకే అచ్చుకిస్తాను.

నిదియా గారూ, ఇక మీరు ఇంటికి వెళ్లొచ్చు. ఓపిగ్గా విన్న అందరికీ కృతజ్ఞతలు. కేకు కోయండి, మూడో వరుస ఆయనకు చిన్న ముక్క చాలు. సెలవు.